వంద ట్యాబుల్లో ఒక పిలుపు

ఒంటికాయ శొంఠికొమ్మని ఒక మాటుంది. ఎమ్మిగనూరులో, మగ్గాలోళ్ల వీధిలో, మిద్దె మీది గదిలో ఉండే శ్రీలక్ష్మి మేడాన్ని చూస్తే ఆ మాట ఆమె కోసమే పుట్టించినారేమో అనిపిస్తాది. పొద్దున్నే బస్సెక్కి నందవరం పక్కన ఒక పల్లెబడికి పోతాది, లెక్కలు చెప్తాది, సాయంత్రం బస్సుకు తిరిగొస్తాది. గది తాళం తీస్తే, పొద్దున యాడ పెట్టిన గ్లాసు ఆడనే ఉంటాది. జరిపే దిక్కుంటే కదా.

కథ పొడుగునా మేడం, మేడం అంటే చెప్పే నాకు నోరు నొస్తాది, వినే మీకు చెవులు నొస్తాయి. అయినా ఉత్త లక్ష్మి అనే చనువు నాకు లేదు. అసలు ఆమె కష్టమంతా అదే, ఆ చనువున్న మనిషి ఈ భూమ్మీద ఒక్కరూ మిగల్లేదు. హుబ్బళ్ళిలో ఉండే తమ్ముడు హయగ్రీవకు ఆమె అక్క. మరదలికి వదినె. వాళ్ల పిల్లలకు అత్త. మిద్దె ఇచ్చినోళ్లకు టీచరమ్మ. బడికంతా, బస్సు కండక్టరుకు గూడా మేడం. లక్ష్మీ అని నోరారా పిలిచే మనిషి ఒక్కతే ఉండె, వాళ్లమ్మ రమాబాయి. రెండేండ్ల కిందట ఆదోనిలో ఆమె గూడా కన్ను మూసింది. ఆ పొద్దుతో ఆ పేరుకు పని లేకుండా పోయింది. ఆధార్ కార్డులో ఉంది, అంతే.

వాళ్లది ఆదోనిలో మఠం సేవ చేసుకొని బతికిన కుటుంబం. వీధిలో తెలుగు, ఇంట్లో కన్నడం. నాయన శ్రీపాదరావు మేడం చదువుకునే రోజుల్లోనే పోయినాడు. సంబంధాలు చూసే పెద్దదిక్కు లేక, వచ్చినవి నిలబడక, ఆమె అట్లే ఉండిపోయింది. రమాబాయికి మడి జాస్తి. తెల్లారకముందే నీళ్లు పోసుకొని, మడి కట్టుకున్నాక పరుపు తాకగూడదు, పరుపు మీదున్న కూతుర్ని తట్టి లేపగూడదు. అందుకని గడప అవతల నిలబడి గొంతుతోనే లేపేది. "లక్ష్మీ, ఏళే. బెళగాయ్తమ్మా, ఏళే." లేవే, తెల్లారిందమ్మా, లేవే అని. మేడం దుప్పటి కింద నుంచి "ఇన్నొంచూరమ్మా" అనేది, ఇంకొంచెం సేపమ్మా అని. తల్లి గొంతు పెంచకుండా మళ్లీ పిలిచేది. ఉద్యోగం వచ్చినాక గూడా, తలలో తెల్లవెంట్రుకలు వచ్చినాక గూడా, పొద్దున్నే వాళ్లిద్దరికీ ఇదే ఆట. ఫోను ముట్టుకుంటే మడి చెడుతాదని రమాబాయి దాని పక్కకే వచ్చేది కాదు. అందువల్ల ఫోటోలున్నాయి గానీ, ఆమె గొంతు ఏ ఫోనులోనూ లేదు.

ఇట్లుండగా బడికి ట్యాబులొచ్చినాయి. అట్టపెట్టెలు అట్టపెట్టెలుగా దించి పోయినారు, వందకు పైనే. హెడ్మాస్టరు ఇంద్రసేనయ్య సారు ఆదోని పత్తి వ్యాపారస్తుల ఇంటివాడు. నోటిలెక్కలో దిట్ట గానీ మిషన్లంటే ఆమడ దూరం. పెట్టెల చుట్టూ ఒకసారి తిరిగి, మేడాన్ని పిలిపించినాడు.

"ఈ పని మీరే చూసుకోవాల మేడం. మిగతావాళ్లంతా పిల్లా జెల్లా ఉన్నోళ్లు, బెల్లు కొడితే పరుగులు పెడతారు. మీకైతే ఇంటికాడ ఎదురుచూసే వాళ్లెవరూ లేరు కదా."

ఆయన మంచోడే. కావాలని అన్న మాట కాదు. మంచోళ్లు ఊరికే అనే మాటలే ముల్లు మాదిరి లోపలికి పోతాయి. మేడం "సరే సార్" అనింది. ఇంకేమంటాది పాపం, ఉన్న మాటే కదా.

ట్యాబు చేతిలో పెడితే పిల్లోడు చదివేసుకుంటాడనుకుంటాం. ఆ చేతికి పోయేముందు దానికి బారసాల మొదలు అక్షరాభ్యాసం దాకా అన్నీ జరిపించాల. తెరిచి, భాష పెట్టి, తేదీ పెట్టి, నెట్టు తగిలించి, పాఠాలు దింపి, ఆటలకు తాళమేసి, వెనకాల పిల్లోని పేరు అంటించాల. నెట్టు చూస్తే వచ్చేది తక్కువ, పోయేది జాస్తి. కంప్యూటర్ గదిలో ఒక ప్లగ్గు పెడితే ఇంకొకటి నిప్పురవ్వలు రాల్చేది. రెండు మూడు ట్యాబులయ్యేసరికి సాయంత్రం బస్సు పోయేది. ఇట్లయితే ఉగాదికి గూడా తెమలదని మేడానికి అర్థమయింది. వెతగ్గా వెతగ్గా ఒక దారి దొరికింది. ఒక్క ట్యాబును పద్ధతిగా సిద్ధం చేసుకుంటే, పక్కన పెట్టి దాని అచ్చు మిగతావాటికి దింపొచ్చు. మొదటిది ఎట్లుంటే అన్నీ అట్లే తయారవుతాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కొంప ముంచేది ఇదే.

ఆ మొదటి ట్యాబును సరిచూసుకునేదానికి మేడం కొన్నాళ్లు ఇంటికి తీసుకుపోయింది. అప్పటికి ఆమె ఫోను గొంతు పడిపోయి ఉండె, అలారం మోగితే దిండు కింద ఈగ తిరిగినట్టు ఉండేది. దాంతో అలారం ట్యాబులో పెట్టుకునింది. అందులో ఉండే గంటలు ఒకటి మించి ఒకటి భయపెట్టేటివే. ఉలిక్కిపడి లేయడం, లేసినాక ఎవరూ లేరని గుర్తుకు రావడం. సొంత గొంతు గూడా పెట్టుకోవచ్చని ఆ ట్యాబే చెప్పింది. ఒక సాయంత్రం తలుపేసి, కిటికీ మూసి, ట్యాబును నోటికాడ పెట్టుకొని, "లక్ష్మీ, ఏళే" అనింది. అన్న మరుక్షణమే సిగ్గేసింది. తీసేసి మళ్లీ చెప్పింది. అట్లా చెప్పగా చెప్పగా ఒకసారి మాత్రం గొంతు అడుగున అమ్మ తగిలింది. అది ఉంచేసుకునింది.

మరుసటి రోజు ఐదు గంటలకు ఆ పిలుపు వినపడితే మేడం నిద్రలోనే "ఇన్నొంచూరమ్మా" అనింది. ట్యాబుకేం తెలుస్తాది? అదే మాట, అదే లెక్కలో, చెప్పిందే చెప్పింది. జవాబు వినే దిక్కు లేని పిలుపది. మేడం లేసి కూర్చొని ఏడ్చింది. అయినా తీసేయలేదు. లేపడానికి ఒక పేరుంది, పిలవడానికి ఒక గొంతుంది, అది చాలనుకునింది.

పని ముగిసింది. మేడం మొదటి ట్యాబు అచ్చు అన్నిటికీ దింపి, ఒక్కొక్కటీ ఆపేసి, బీరువాలో పేర్చింది. పాఠాలు సరిగ్గా దిగినాయా, ఆటలకు తాళం పడిందా అని ఒకటికి రెండుసార్లు చూసుకునింది. అలారం మాట మాత్రం ఆమెకు తలపుకే రాలేదు. మనమేసుకున్న తలుపు గడియ మనం చూస్తామా, ఎదురింటోళ్లది చూస్తాం గానీ. పంచిపెట్టే రోజు సభ జరిగింది, ఇంద్రసేనయ్య సారు మాట్లాడినాడు, అంతవరకూ మేడం ఇంట్లో ఉన్న మొదటి ట్యాబుతో సహా అన్నీ పిల్లోళ్ల సంచుల్లో పల్లెలకు పోయినాయి.

ఆ మరుసటి పొద్దున మేడానికి మెలకువ రాలేదు. లేపే గొంతు ఊర్లకు పోయింది కదా. అది యాడుండాల్నో ఆడ ఉండకుండా, బడి చుట్టుపక్కల ఇండ్లన్నిట్లో ఒకే గడియలో మోగింది. పత్తి ఏరను పోయే ఇండ్లల్లో, కట్టెల పొయ్యి కాడ, పశువుల కొట్టం కాడ, "లక్ష్మీ, ఏళే. బెళగాయ్తమ్మా, ఏళే." ఊరంతా లేసింది. లక్ష్మి మాత్రం లేవలేదు.

బస్సు తప్పి, ఆటో పట్టుకొని, బెల్లయినాక బడి కాడ దిగితే, వాకిట్లోనే ఇద్దరు ఆడపిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటా "ఏళే లక్ష్మీ, ఏళే" అంటాన్నారు. తన అలారం గూడా అన్నిట్లోకీ దిగిపోయిందని మేడానికి అప్పుడు అర్థమయింది. చేతిలో క్యారియరు పట్టుకొని అట్లే నిలబడింది.

బడంతా అదే మాట. ఎవురా లక్ష్మి, ఎందుకు లేవదు? లక్ష్మి అనే పేరున్న ఒక కోడల్ని అత్త పొద్దున్నుంచి ఆడిపోసుకుంటాందంట, నువ్వు లేవవని ట్యాబుకు గూడా తెలిసిపోయిందే అని. ఆ గొంతు ఎవరిదో పిల్లోళ్లు ఒక్కరూ పట్టుకోలేదు. ఎట్లా పట్టుకుంటారు? తరగతిలో మేడం గొంతు సుద్దముక్క మాదిరి ఎండిపోయి ఉంటాది. ఆ మెత్తన గొంతు వాళ్లు ఏ పొద్దూ విన్నది లేదు.

ఇంద్రసేనయ్య సారు మాత్రం మొగం గంటు పెట్టుకొని కూర్చున్నాడు. "ఎవరో హ్యాకర్ల పని మేడం. రేపు కర్నూలు నుంచి ట్యాబుల మనిషిని రమ్మన్నా. వాడు చూస్తే ఏ ట్యాబు నుంచి పాకిందో, ఎవరు పెట్టినారో ఇట్టే చెప్పేస్తాడంట. అందరి ముందర మైకులో వినిపించి ఆ గొంతు ఎవరిదో తేల్చాల్సిందే."

మేడం తేలు కుట్టిన దొంగ మాదిరి నిలబడి, "ఒక అలారం, సార్. ఎట్లనో దిగింది. ఈ పొద్దే తీసేస్తా" అనింది.

"అన్నిట్లో పోతే సంతోషం, వాణ్ణి రావద్దంటా. ఒక్కదాంట్లో మిగిలినా రేపు చూపిస్తా."

ఉద్యోగం పోతాదని కాదు ఆమె భయం. నలభై ఏడేండ్ల మనిషి, తనను తానే పేరు పెట్టి లేపుకుంటాదని, దానికి తల్లి గొంతు అరువు తెచ్చుకుంటాదని ఈ ఊరికి తెలిస్తే ఇంక ఈ వాకిలి తొక్కేది ఎట్లా? నవ్వితే ఓర్చుకోవచ్చు. అయ్యో పాపం అంటే ఓర్చుకోలేదు.

మధ్యాహ్నం బడి వంట చేసే హనుమక్క ఎప్పటి మాదిరే కంప్యూటర్ గది గడప అవతల నుంచి, "అన్నం తిన్నారా మేడం" అని అడిగింది. హనుమక్కది కన్నడసీమలో సిరుగుప్ప పక్క పుట్టిల్లు, ఈ ఊరు మెట్టిల్లు. పట్టుమని పదిమాటలు వాళ్లిద్దరి మధ్య ఏ పొద్దూ నడవలేదు. మేడం బయటి వంట తినదు, క్యారియరు తెచ్చుకొని ఒక్కతే తింటాది. చివర్లో మిగిలిన పెరుగన్నం వంటగది వెనకాల పిల్లికి పెట్టి, "బా, బా, హసివాయ్తా" అని కన్నడంలో పలకరిస్తాది, రా, రా, ఆకలయిందా అని. దానితో మాట్లాడేటప్పుడు మాత్రం ఆమె గొంతు వేరేగా ఉంటాది. అది విన్నది పిల్లి ఒకటి, అంట్లు తోముకుంటా హనుమక్క ఒకతె.

ఆ పొద్దు మేడం క్యారియరు మూత గూడా తీయలేదు. పిల్లోళ్లు వరసగా ట్యాబులు తెచ్చిస్తాంటే, శబ్దం బయటికి రాకుండా చూసుకుంటా ఒక్కొక్కదాంట్లో నుంచి తన గొంతును తీసేస్తా కూర్చునింది. తీసేసే ముందు ప్రతి ట్యాబూ అడుగుతాది, నిజంగా తీసేయాల్నా అని. ప్రతిసారీ అవుననింది. కడాకు ఆమెకు ఒక అనుమానం వచ్చింది, అమ్మను ఇన్నిసార్లు సాగనంపుతాండేది నేనేనా అని. చేతులు మాత్రం ఆగలేదు.

బడి వదిలినారు. ఇంక ఒక్కటే ట్యాబు మిగిలింది. ఆ ట్యాబు తీసుకున్న పిల్ల ఆ పొద్దు బడికే రాలేదు, అవ్వతో పత్తి ఏరను పోయిందంట. మేడం బస్సు వదులుకొని కూర్చునింది. పొద్దు వాలే యాళకు ఆ అవ్వే వచ్చింది, ముత్తమ్మ. కొప్పు నిండా పత్తి దూది, కొంగులో చుట్టిన ట్యాబు.

"ఇది తీసేస్తారంట గదా మేడం. మాదాంట్లో ఉండనీ" అనింది.

"ఎందుకు ముత్తమ్మా?"

"మా ఇంట్లో ఎవురినన్నా లేపాలంటే కాలితో తంతారు, లేకుంటే తిడతారు. నా మొగుడు ఉన్నంతకాలం అట్లే లేపినాడు, ఇప్పుడు కొడుకు గూడా అంతే. ఈ పొద్దు ఆ యమ్మ పిలస్తే నన్నే పిలిసినట్లు ఉండె. నా పేరు కాదు, నా బాస కాదు. అయినా మా యమ్మ గుర్తొచ్చింది."

 ఉంచుతానని మేడానికి నాలుక కొస దాకా వచ్చింది. రేపు సారు, కర్నూలు మనిషి, మైకు కండ్ల ముందర ఆడినాయి. "సారు తీసేయమన్నాడు ముత్తమ్మా" అనింది, సారు మీదికి తోసి.

"సరే, తీసేయ్. ఒక్కసారి ఇనిపించి తీసేయ్."

మేడం ట్యాబును దగ్గరికి లాక్కునింది. వేలు పెట్టింది. ఖాళీ గదిలో, ఖాళీ బెంచీల మధ్య ఆ పిలుపు లేసింది. "లక్ష్మీ, ఏళే. బెళగాయ్తమ్మా, ఏళే." ముత్తమ్మ కండ్లు మూసుకొని వినింది. మేడం తలకాయ వంచుకొని తన చేతులు చూసుకుంటా కూర్చునింది. వినిపించడం ఆగినాక తలెత్తితే, గడప అవతల, తడి చేతులతో గిన్నె పట్టుకొని హనుమక్క నిలబడి ఉంది.

హనుమక్క ఇంట్లో ట్యాబు లేదు, బడికొచ్చే పిల్లోళ్లు లేరు. ఆ పిలుపును ఆ గొంతులోనే వినడం అదే మొదటిసారి. ఆమె ట్యాబును చూడలేదు, నేరుగా మేడం మొగం చూసింది. మేడం చూపు తిప్పుకునింది. అయిపోయింది, తెలిసిపోయింది అనుకునింది. రేపటికి వంటగది నుంచి ఊరంతా పాకుతాది. 

"ఆఖరి బస్సుకు టైమవుతాంది మేడం, బయల్దేరండి" అనింది హనుమక్క. అంతే అనింది. గిన్నె తీసుకొని పోయింది.

నిజంగా తీసేయాల్నా అని ట్యాబు అడిగింది. మేడం అవుననింది. ముత్తమ్మ ట్యాబును కొంగులో చుట్టుకొని పోయింది.

ఎమ్మిగనూరు చేరేసరికి వీధి దీపాలు వెలిగినాయి. మగ్గాల చప్పుడు ఆగిపోయి ఉంది. గది తాళం తీసింది. గ్లాసు ఆడనే ఉంది. ఫోను తీసి, మళ్లీ ఆ మాట చెప్పి పెట్టుకుందామా అనుకొని నోటికాడికి తెచ్చుకునింది. మళ్లీ కింద పెట్టేసింది. పొద్దంతా నూరుసార్లు తీసేసిన మాట మళ్లీ ఎట్లా వస్తాది? మామూలు గంట పెట్టుకొని, అన్నం తినకుండానే పడుకునింది. ఇంత బతుకు బతికి, పేరు పెట్టి పిలిపించుకునేదానికి గూడా దొంగతనం చేయాల్సి వచ్చింది, అది గూడా దక్కలేదు అని ఏడ్చుకుంటా నిద్రపోయింది.

గంట మోగకముందే దిండు కింద ఫోను ఈగ మాదిరి మోగింది. ఇంకా మసక వెలుతురే. చూస్తే హనుమక్క. ఏ పొద్దయినా ఒక్కసారి మోగించి ఆపేసే మనిషి ఆమె, మిస్డ్ కాల్ తప్ప నిండు ఫోను చేసి ఎరగదు. గుడ్లు రాలేదని గానీ, బియ్యం గది తాళం యాడని గానీ చెప్పే పని ఉంటే మేడమే తిరిగి చేయాల. ఈసారి మోగుడు ఆగలేదు. నా సంగతి ఊరంతా తెలిసిందని చెప్పేదానికే అనుకొని, మేడం ఎత్తి చెవి కాడ పెట్టుకునింది. 

 అవతల యాడనో కోడి కూసింది. తరువాత, సిరుగుప్ప యాసతో, మెల్లగా, వాకిలి కాడ నిలబడి లోపలికి తొంగి చూసి పిలిచినట్టు, ఒక గొంతు వచ్చింది.

"లక్ష్మీ, ఏళే. బెళగాయ్తమ్మా, ఏళే."

 ఎవరితో మాట్లాడతాండావు హనుమక్కా అని అడగాల్సిన మాట. వంటమనిషి మేడాన్ని పేరు పెట్టి పిలవడం బడిలో ఎవరన్నా వింటే హనుమక్క పని పోతాది, అంత పెద్ద మాట అది. ఆ సంగతి హనుమక్కకు గూడా తెలుసు. గొంతు తగ్గించుకొని, "తప్పనిపిస్తే సెప్పు మేడం, మల్ల సెయ్యను. నిన్న సాయంత్రం నుంచి ఆ మాట సెవిలోనే ఉంది. ఎవురో ఒకరు పిలవాల గదా అనిపించింది" అనింది.

రెండేండ్లుగా మేడం అలారం మోగిన వెంటనే లేస్తాంది. ట్యాబుకు జవాబు చెప్పి ఏం లాభం, అది వినదు కదా. ఇప్పుడు అవతల ఒక మనిషి ఊపిరి వినపడతాంది, జవాబు కోసం కాచుకొని ఉంది. మేడం దుప్పటి మొగం మీదికి లాక్కొని, ఫోను చెవికి అదుముకునింది. కండ్లలో నుంచి నీళ్లు చెవిలోకి కారతాన్నాయి.

"ఇన్నొంచూరమ్మా" అనింది.

అవతల హనుమక్క నవ్వింది. "ఏళే లక్ష్మీ" అనింది మళ్లీ, "బస్సు పోతాది."